మేడమ్‌కి వేసిన కుర్చీ

“చిక్కుడుకి మందు కొట్టొద్దంది మేడమ్. ఆకుల మీదున్న ఆ నల్ల పురుగులు మనకి మేలు చేసేవేనట!” అని భర్త వాళ్లమ్మతో గొప్పగా చెబుతున్నాడు. భార్య పెరట్లో కూర్చుని, పొద్దున వంగతోటకి మందు కొట్టి విప్పేసిన ఆయన చొక్కాని వేరే బకెట్లో ఉతుకుతోంది. ఎన్నిసార్లు జాడించినా ఆ ఘాటు వదలదు. రాత్రికి ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన. ఇవాళ మాత్రం ఆ వాసన కంటే ఆ “అట” ఎక్కువ మండించింది.

మూడేళ్లుగా ఆ సంగతి చెబుతున్నది తను. రోజూ వంగి కాయలు కోసేది తనే కాబట్టి ఆకు అడుగున ఏం జరుగుతోందో తనకే తెలుసు. ఎర్రటి అక్షింతల పురుగునైతే అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం నల్లగా, ముళ్లుముళ్లుగా, చూడగానే శత్రువనిపించేలా ఉంటుంది. పోయినేడు అలాంటిదాన్ని అరచేతిలో పెట్టుకుని పరిగెత్తింది. “చూడండి, చివుళ్ల రసం పీల్చే పేనుబంకను ఎలా తింటోందో! మందు కొడితే ఇదీ చస్తుంది.”

“పురుగు పురుగే. నీకేం తెలుసు? నీళ్లు తే,” అన్నాడాయన.

“మొగుడికి పాఠాలు చెప్పే తీరికుంటే గిన్నెలు తోముకోవచ్చుగా,” అంది అత్త.

మందు కలపడానికి ఆ నీళ్లూ తనే మోసింది, పదహారు బిందెలు. రెండు వారాల్లో పేనుబంక తిరిగొచ్చి తీగలన్నీ జిగట చేసింది. తినేవాళ్లు లేరుగా! అక్షింతల పురుగులు ఆ పంట అయిపోయేదాకా కనబడలేదు. ఆయన మళ్లీ మందు కొట్టాడు, ఆమె మళ్లీ చొక్కా ఉతికింది.

నిన్న వ్యవసాయ శాఖ మేడమ్ వచ్చింది. గట్టిగా పాతికేళ్లుండవు. ఆయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి, చిక్కుడు మడి పక్కన వేశాడు. మేడమ్ కూర్చుని, అలాంటి పురుగు పిల్లనే అరచేతిలో పెట్టుకుని, అవే మాటలు చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని “అవునండీ, అవునండీ” అన్నాడు. ఆ “అండీ” పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారీ తన వంతుకు రాలేదు. టీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఆమెకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. మేడమ్ అందం చూసి కాదు. మొగుణ్ణి ఎగరేసుకుపోతుందన్న బెంగా కాదు, తీసుకెళ్తానంటే ఆ మందు చొక్కాలు కూడా మూటగట్టి ఇచ్చేది. ఆ కుర్చీని చూసి. తన మాటనే కూర్చోబెట్టి మరీ విన్నారు, ఇంకొకరి నోటి నుంచి. అసూయే, అందులో సందేహం లేదు. చేను పాడైనా సరే, ఆ మేడమ్ ఆయన ముందు తల దించుకోవాలని కోరుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. వారం తిరక్కుండానే చిక్కుడు చివుళ్లన్నిటికీ పేనుబంక పట్టింది. ఆయన స్ప్రేయర్ బయటికి తీశాడు. “ఆవిడకేం, చెప్పేసి వెళ్లిపోయింది. డ్రమ్ములో మందు కలపాలి, నీళ్లు తే.”

ఆమె ఎగిరి గంతేసినంత పని చేసి బిందె ఎత్తుకుంది. ఇన్నేళ్లలో ఆ బిందె అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. మడి దగ్గర ఆగి, అలవాటు కొద్దీ ఒక ఆకు తిప్పింది. ఏడు పురుగు పిల్లలు తలెత్తకుండా తింటున్నాయి. పక్క ఆకు అడుగున పేనుబంక తాలూకు పొట్టు తప్ప ఏమీ లేదు. ఇంకో నాలుగు రోజులాగితే చాలు. మందు పడితే ఓడిపోయేది మేడమ్ కాదు. ఆవిడకి ఇంకో ఊరుంది, అక్కడ ఇంకో కుర్చీ వేస్తారు. మూడేళ్లు తను చెప్పిన మాటను ఇప్పుడు తనే నీళ్లు మోసి మరీ చంపబోతోంది. ఆమెకు సిగ్గేసింది. అసూయ మాత్రం పోలేదు.

బిందె తీగల మొదట్లో వంపేసింది.

“ఏమే, డ్రమ్ములో కదా పొయ్యాలి!”

ఆమె ఖాళీ బిందె కింద పెట్టింది. ఇంటికెళ్లి కుర్చీ పట్టుకొచ్చి, మేడమ్‌కి వేసిన చోటే వేసుకుని కూర్చుంది. ఆయన వీపున స్ప్రేయర్‌తో గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“నీళ్లు ఇక మొయ్యను. మందు ఎందుకు వద్దో మూడేళ్లు నిలబడి చెప్పాను, మీకు వినబడలేదు. ఇప్పుడు కూర్చుని చెబుతాను,” అంటూ ఒక పురుగు పిల్లను అరచేతిలోకి తీసుకుంది.

“చేతులు కట్టుకోండి.”