రాలుకాయలు పోసిన గొయ్యి

“దిగొద్దు ప్రమీలా. గోడ కూలుద్ది.”

నేనీ మాట అన్నప్పటికి మా అమ్మాయి ఇంకా ఒడ్డునే ఉంది. చున్నీ నడుముకి బిగించి కట్టుకుంటోంది.

“వచ్చేటప్పుడు బస్సు గోదార్లో పడుద్దన్నావు. పడిందా?”

“పడలేదు. మొక్కుకున్నాను గనక.”

“ఇప్పుడూ మొక్కుకో. నేను పైకొచ్చేలోపు కొబ్బరికాయ పీచు తీసి ఉంచు.”

పక్కనున్న మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమే, ఆమె మొగుడు మల్లయ్యా మా తోటలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు.

చాట్రాయి అవతల మా మామిడి తోట చివర ఉంది ఆ గొయ్యి. బొగ్గు గొయ్యి అంటారు. మా మామగారి చిన్నతనంలో ఎవరో కంపెనీవాళ్ళు ఆ మెరకలో అక్కడక్కడా బొగ్గు తవ్వించారట. కొన్నాళ్ళు తీసి, గిట్టుబాటు కాదని వదిలేసి పోయారు. కొన్ని గోతులు పూడాయి. మాది పూడలేదు. నాలుగు నిలువుల లోతు, నీళ్ళు లేవు, గోడకి కాలు పెట్టుకునేందుకు గాళ్ళు చెక్కి ఉన్నాయి.

ప్రమీల విశాఖలో జియాలజీ చదువుతోంది. ఎనభై నాలుగు వేసవి సెలవులకి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గొయ్యి చుట్టూ పోసిన పలకరాళ్ళ గుట్ట మీదే దాని కాపురం. సుత్తితో అంచున కొడితే రాయి రెండు పొరలుగా విడిపోయేది. లోపల ఆకు అచ్చు, ఈనెలతో సహా. ఒకటి తెచ్చి చూపిస్తే నేను మామిడాకన్నాను.

“మామిడి అప్పటికి పుట్టనేలేదమ్మా. ఈ చెట్ల అడివే కుళ్ళి బొగ్గయింది.”

ఎప్పుడో కుళ్ళిన అడివి కోసం ఎండలో మాడిపోవడం ఏంటని తిట్టాను. గుట్టలో దొరికేవి అన్నీ ముక్కలే, గోడలో అయితే ఆకు మొత్తంగా ఉంటుందని దాని ఆశ. ఆరోజు వాళ్ళ నాన్న కాయ కోయించడానికి తోట అటు చివరకి వెళ్ళగానే ఇక్కడికి వచ్చింది. నేను వెంటపడి వచ్చాను.

పాములుంటాయని మంగమ్మ చేత రాళ్ళు వేయించాను. మోకు ఒక కొస చెట్టు మొదలుకి కట్టించి, రెండో కొస ప్రమీల నడుముకి నేనే ముడివేశాను. నాకు తోచిన భయాలన్నీ అంతే. పాము, మోకు, గోడ.

ఆ వైశాఖంలో పెద్ద గాలివాన వచ్చింది. బంగినపల్లి సగానికి సగం రాలిపోయింది. రాలిన కాయ చెట్టు కింద కుళ్ళితే ఈగ ముసిరి, పైనున్న కాయక్కూడా పురుగు పడుతుంది. అందుకని ఎత్తి ఏదో ఒక గోతిలో పోసి, పైన ఆకూ అలమూ కప్పేయడం మా వైపు అలవాటు. మావారు బసవపున్నారావుగారు బండ్ల మీద తోలించి ఆ గొయ్యిలోనే పోయించారు. అందరికీ తెలిసిన సంగతే. ఆ రోజుల్లో నూజివీడు దాకా గాలంతా పులిసిన కాయ వాసనే. గోతి దగ్గర వాసన వస్తోందని ప్రత్యేకం ఎవరికనిపిస్తుంది?

అది దిగింది. కాసేపటికి గొంతు వినిపించింది.

“అమ్మా, జానెడాకు ఉందిక్కడ.”

“చూశావుగా, ఎక్కి రా.”

“ఇంకాస్త కింద ఇంకా బాగుంది. మోకు చాలట్లేదు, విప్పుతున్నా.”

“విప్పొద్దే.”

“విప్పేశా.”

సుత్తి చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. “తల తిరుగుతోందమ్మా” అంది, నిద్రలో మాట్లాడినట్టు. ఎండుటాకుల మీద ఏదో పడిన చప్పుడయింది. ఎంత పిలిచినా పలకలేదు.

మా కేకలకి మావారు, మల్లయ్య పరుగెత్తుకొచ్చారు. మావారు దిగబోతే మల్లయ్య నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. పాకలోంచి లాంతరు తెచ్చి, వెలిగించి, తాడుకి కట్టి వదిలాడు. సగం దూరం వెళ్ళకుండానే ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి వదిలాడు. మళ్ళీ ఆరిపోయింది.

“కాయలు పులిసి గాలి చెడిందండి. ఇప్పుడు దిగితే మీరూ అక్కడే.”

మావారు కత్తి కోసం పాక వైపు పరుగెత్తారు.

పైనుంచి చూస్తే పసుపు పచ్చ చున్నీ కనిపిస్తోంది. ఊపిరాడుతోందో లేదో తెలియడం లేదు. మగవాళ్ళిద్దరూ మామిడి కొమ్మలు నరికి, మోపుగా కట్టి, లోపలికి దింపుతూ లాగుతూ గాలి కదిలిస్తున్నారు. బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తున్నారు. మళ్ళీ లాంతరు. మళ్ళీ ఆరిపోయింది.

“నువ్వు సన్నగా ఉంటావు మల్లయ్యా. గబాల్న దిగి గబాల్న వచ్చెయ్యి. నీకు దణ్ణం పెడతా” అన్నాను.

మల్లయ్య మంగమ్మ వంక చూశాడు. చూసి, మోకు అందుకున్నాడు. మంగమ్మ ఆ మోకు అతని చేతిలోంచి లాక్కుని దాని మీద కూర్చుంది.

“దీపం నిలవాలండి.”

“నా కూతురే మంగమ్మా.”

“మా నాన్న కోసం మా అన్న ఇట్టాగే దిగాడమ్మగారూ. ఇద్దర్నీ ఒకే మంచం మీద మోసుకొచ్చారు. దీపం నిలవాలి.”

నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి తీసుకుంది గాని మోకు మీదనుంచి లేవలేదు.

చివరికి లాంతరు అడుగుదాకా వెలుగుతూ వెళ్ళింది. అప్పుడు మంగమ్మే లేచి మొగుడి నడుముకి ముడి వేసింది. వేసిన ముడిని రెండుసార్లు గుంజి చూసింది. అతను దిగాడు. “లాగండి” అని అరిచాడు. మా అమ్మాయి పైకి వచ్చింది. ఒంటి మీద గీత కూడా లేదు. జీపులో నూజివీడు తీసుకెళ్ళాం. ఆసుపత్రి ముందు డాక్టరు జీపెక్కి చేయి పట్టుకు చూసి, కిందికి దింపొద్దన్నాడు.

ఆ తర్వాత మంగమ్మ పనిలోకి రాలేదు. మల్లయ్య వచ్చాడు గాని నాకు ఎదురుపడేవాడు కాదు. పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళు మంగమ్మను తిట్టిపోసి వెళ్ళేవారు. మళ్ళీ వాళ్ళే, అప్పటికే ప్రాణం పోయి ఉంటుందిలే అని నన్ను ఓదార్చేవారు. మావారు ఏమడిగినా ఏమో అనేవారు. ఆయన్ని మరీ అడగలేకపోయాను. కాయలు పోయించింది ఆయన.

ఒక మధ్యాహ్నం నేనే మంగమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చాప మీద మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నాను. నేనూ చాప పక్కనే కూర్చున్నాను.

“నువ్వు ఆపకపోతే నా పిల్ల బతికేదా మంగమ్మా?”

ఆమె ముక్కలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఒక వరస అయింది. ఇంకో వరస అయింది. కాకి వచ్చి చాప అంచున వాలితే అదిలించింది. నీడ మా ఇద్దరి మీదకీ జరిగింది. ఇక చెప్పదనుకుని నేను లేవబోతుండగా, తల ఎత్తకుండానే అంది.

“బతికేదేమోనండి. అయినా నేను దిగనిచ్చేదాన్ని కాదు.”