ఎర్ర సిరాతో రాసిన వలస

మా ఆయన సాంసన్ గద్వాల దవాఖానలో చనిపోయిన రోజు, ఇంట్లో ఆయన లాప్‌టాప్ తెరిచే ఉంది. లెక్క తేలలేదన్న హెచ్చరిక తెర మీద అలాగే ఉంది.

ధరూర్ దగ్గరి మా బడిలో ఆయన లెక్కలు, నేను తెలుగు చెప్పేవాళ్లం. వలస కాలంలో పిల్లలు ఉండటానికి ఊళ్లో హాస్టల్ కావాలని అర్జీ పెట్టాలనుకున్నాం. ఏ పిల్లలు బడి మానే అవకాశం ఎంతుందో లాజిస్టిక్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతితో చూపిస్తే అధికారులు వింటారని ఆయన నమ్మకం. ఆదివారం చర్చి నుంచి రాగానే చాప మీద కూర్చునేవాళ్లం. హాజరు పట్టీ నేను చదివితే ఆయన ఎక్కించుకునేవారు. ప్రతి పేరు దగ్గరా ఆగి, ఆ పిల్ల నవ్వునో నడకనో గుర్తు చేసుకునేవారు.

"గిట్లయితే ఎండకాలం దాంక సాగుతది" అనేదాన్ని.

"పేర్లు చదువుతున్నవా, బియ్యం చెరుగుతున్నవా? జర నిమ్మళంగ" అనేవారు.

అరవై నాలుగు పేర్లు ఎక్కాయి. పట్టీ ప్రకారం వలస ఇళ్ల పిల్లలందరూ బడి మానేశారు. మిగతావాళ్లలో ఒక్కరూ మానలేదు. రెండు గుంపులు అలా గీత గీసినట్టు విడిపోతే, వలస ప్రభావానికి కట్టే అంకె ఎక్కడా ఆగదు. లెక్క తిప్పినకొద్దీ పెరుగుతూనే ఉంటుంది.

"మీ మిషిన్ అలిగింది."

"అలగలే. గింత సాఫ్‌గ ఎట్ల విడిపోతరని అడుగుతుంది. అంకెకు పగ్గమేసే పద్ధతి ఉంది గని, ముందు పట్టీ సరిగున్నదో లేదో చూడాలె."

చూసే వ్యవధి ఆయనకు దొరకలేదు.

ఆయన పోయిన నెల తర్వాత నేను బడికి వెళ్లాను. మధ్యాహ్న భోజనం వండే మణెమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అర్జీ ఏమాయె టీచరమ్మా?"

"ఆగింది. వలస పోయినోళ్ల పిల్లలే మానేసిన్రు, ఇంకెవ్వరు మానలేదని వచ్చింది లెక్క."

"ఎవరు జెప్పిన్రు? నా కొడుకు, కోడలు పుణె పోయి నాలుగేండ్లాయె. నా మనుమరాలు అఖిల ఒక్కనాడన్న బడి తప్పిందా? కిష్టయ్య యాడికి పోయిండు? ఊర్లనే ఉన్నడు, బిడ్డను పత్తి ఏరనీకి తోల్తుండు. మీ పట్టీ మంచిగనే ఉంది!"

పట్టీ తీశాను. అఖిల పేరు పక్కన ఏమీ లేదు. కిష్టయ్య కూతురి పేరు పక్కన ఎర్ర సిరాతో 'వలస' అని ఉంది. రాత నాదే. ఎవరు రావడం మానేసినా, ఎందుకని అడగకుండా అలా రాయడం మా బడిలో ఏళ్లనాటి అలవాటు. బడికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఎక్కడున్నారని మేము ఎన్నడూ అడగలేదు.

ఆ సాయంత్రం నుంచి ఇంటింటికీ వెళ్లి, ఎవరు వలస పోయారో, పిల్లలు ఎందుకు మానారో అడుగుతున్నాను. పట్టీలో పందొమ్మిది పేర్లయ్యాయి. నలభై ఐదు మిగిలాయి. అర్జీ ఇంకా పెట్టలేదు.