విత్తనపుకొట్టులో ఎఱ్ఱగీత

కృత్తికారోహిణీమృగశిరలు మూడును వరుసగా నిప్పులు గ్రక్కి పోయినపిమ్మట నెఱియలు విచ్చి నోరు తెఱచి యాకసమువంక జూచుచు బడియున్న యెఱ్ఱనేలలపై, ఆరుద్రకార్తె రెండవనాటి వేకువను నైరృతిదిక్కునుండి మదగజయూథమువలె ఘీంకరించుచు వచ్చిన నీలమేఘమాలిక రెండుగడియలసేపు ఏకధారగా గురిసి, గుట్టల చఱియలనుండి గైరికవర్ణజలములను వంకలలోనికి దొర్లించి, తంగేడుపొదల ధూళిని గడిగి, సూర్యోదయమునకు ముందే తూర్పుకొండల నడుమ నంతర్హితమయ్యెను. పిడికిట బట్టిన ముద్దయగుచు వ్రేలితో నొత్తిన విరిగెడు నా మంటితడిని అచ్చటివారు పదునందురు. అది మూడుదినముల చుట్టము. నాలవనాడు గాలి దానిని ద్రావివేయును. అటుపై విత్తినవాని విత్తు చీమలపాలు.

అట్టి యుదయమున ఎఱ్ఱబండపల్లె మహిళా విత్తనసంఘపు రేకులకొట్టులో వేరుసెనగ విత్తనపు మూటలు మున్నూటపదుమూడు కప్పునంటి నిలువగా, వాని నడుమ నొక పాత కంప్యూటరు ముందు ముప్పదిరెండేండ్ల ఓబుళమ్మ కూర్చుండి చెమర్చిన యఱచేతులను గొంగునకు దుడుచుకొనుచుండెను. ద్వారముకడ డెబ్బదిరెండు కుటుంబములవారు గుమిగూడి యుండిరి. ఇంటికి నాలుగు మూటలు. యంత్రము చీటీ యిచ్చిననే మూట కదలవలెను. చీటీ లేక గింజయైన గడప దాటరాదు. అది సంఘపు తీర్మానము.

ఆ తీర్మానము ఊరక పుట్టలేదు. రెండేండ్లక్రిందట నెవరి యజాగ్రత్తవలననో ముక్కిన విత్తనము క్రొత్తదానితో గలసిపోయి, నలువదియెకరములలో నొక్క మొలకయైన తలయెత్తక, ఆ యేడు పల్లెలో సగము తాళము వేసికొని బెంగళూరు కట్టడపుపనులకు వలసపోయెను. నాటినుండి పదినెలలు దాటిన విత్తనమును బయటికి బంపరాదనియు, ఆ నిషేధమును మనుష్యుని చేతినుండి తప్పించి యంత్రమునకు నప్పగింపవలెననియు స్త్రీలు నిశ్చయించిరి. పట్టణమునుండి యొక వర్తకుడు మెడకు టై బిగించి వచ్చి తన సాఫ్ట్‌వేరునకు ఏటేటా అద్దె కట్టుడనియు, దాని లోపలి వ్రాత యెవరును జూడరాదనియు బలికెను. విత్తనమును సంచిలో బెట్టి యేటేటా నన్నే యడుగుమనువాడును, వ్రాతను యంత్రములో దాచి యేటేటా నన్నే యడుగుమనువాడును ఒక్కతల్లి బిడ్డలే. ఓబుళమ్మ వానికి మజ్జిగ యిచ్చి పంపివేసెను.

ఆమె యింటరు రెండవయేట చదువు మానినది. తక్కినది ఫోనులోని వీడియోలవలన నేర్చినది. ఎవరైనను ఉచితముగ దింపుకొని, విప్పి చూచి, తమకు వలసినట్లు మార్చుకొని, మఱియొకరికి నీయదగిన వ్యాపారనిర్వహణపు సాఫ్ట్‌వేరు నొకదానిని వెదకి పట్టి ఇన్‌స్టాలు చేయ మొదలిడెను. మొదటిమాఱు అది సగములో నాగెను. రెండవమాఱు డేటాబేసు కనబడదని మొఱపెట్టెను. మూడవమాఱు సర్వము సలక్షణముగ నెక్కి, తెలుగక్షరములకు మాఱుగా వరుసలు వరుసలుగ డబ్బాలను జూపెను. ఎన్నడును మొగ మెఱుగని యెవరో దూరదేశస్థుడు ఏనాడో వ్రాసిపెట్టిన నాలుగుపంక్తుల సమాధానమువలన ఆ చిక్కు వీడెను. తరువాత సభ్యులపట్టిక, నిల్వపట్టిక, చీటీ. తుదకు పదినెలల నియమము. మాఘమాసమున నొక్కొక్క మూటపైనున్న చేనిపేరును, ఏటిని, కార్తెను జూచి దాని తేదిని దానే యెక్కించెను.

ఇప్పుడామె మొదటిపేరు నొక్కెను. తెరమీద రక్తరేఖవలె నొక యెఱ్ఱగీత నిలిచెను: కాలము మీఱినది, పంపరాదు. రెండవమూట. ఎఱ్ఱగీత. మూడవది. మున్నూటపదుమూడు మూటలును ఒక్కటైన విడువక ఎఱ్ఱబాఱియుండెను.

వరుసలో మొదటివాడైన ఎర్రిస్వామి, అరువదేండ్ల బక్కరైతు, ద్వారమునుండి తల లోనికి జొనిపెను.

“ఏమ్మా ఓబుళమ్మా, నీ మిషనుకు ఇంగా తెల్లారలేదా? మా ఎద్దులు కాడికింద నిలబడే కునుకుతాండాయి.”

“రోంత ఉండు మామా.”

“నేనుంటానమ్మా. పదును ఉంటాదా? దానికి నీ మాదిరి ఇంటర్నెట్టు లేదే!”

వెనుకనున్నవారు నవ్విరి. ఆ నవ్వు నిలువలేదు. బారెడు పొద్దెక్కెను. రేకులు వేడెక్క నారంభించెను. బయట విత్తు గొఱ్ఱులు దింపి నిలిపిన యెడ్లు మెడగంటలను గదల్చుచుండెను. ఆ సవ్వడి యొక్కొక్కటియు ఓబుళమ్మ చెవికి “ఎంతసేపు, ఎంతసేపు” అన్నట్లే యుండెను. ఆమె యంత్రము నార్పి మరల వెలిగించెను. సర్వరును నిలిపి మరల నడపెను. ఎఱ్ఱగీత చలింపలేదు.

“మిషను పక్కకు నెట్టి మూటలు ఎత్తుకోని పోదాం పదండప్పా!” అని వరుసలో నెవడో యఱచెను.

“ఎత్తుకోని పో,” అని యొక స్త్రీ వానికంటె బిగ్గరగా ననెను. “రెండేండ్ల కిందట ఎత్తుకోని పోయినావు కదా, ఏం పండిచ్చినావు? తుంగ!”

నియమమును తొలగించుట ఓబుళమ్మకు రెండు నొక్కుల పని. పాస్‌వర్డు ఆమెకడనే కలదు. అది తీసివేసిన క్షణమే గీతలన్నియు మాయమగును, చీటీలు పుంఖానుపుంఖముగ వెలువడును, జనులు దీవించుచు బోవుదురు. ఆమె వ్రేలు ఆ నొక్కుమీదికి బోయెను కూడ. అయినను మఱియొక సంగతి యామె నెఱుగును. మొలక రాని యా యేటికి ముందటి కఱవున విత్తక మిగిలిన మూటలు కొన్ని యా కొట్టులోనే కలవు. కొట్టు మార్చినప్పుడు తక్కినవానితో గలసి పేర్చబడినవి. నిల్వలో మిక్కిలి పాతది మొదట పంపుట యా సాఫ్ట్‌వేరు స్వభావము. నియమము తీసిన మొట్టమొదట గడప దాటునవి యా చచ్చిన మూటలే. ఎర్రిస్వామి గొఱ్ఱులోనికే పోవును. పోనీ వానినే వేఱుచేయుదమన్న, అన్నిటిని చచ్చినవని చెప్పు యంత్రము వీనిని గూర్చి చెప్పినది మాత్ర మెట్లు నమ్మవలెను? వ్రేలు వెనుకకు వచ్చెను. మరల ముందుకు బోయెను.

అప్పుడు మూటలచాటునుండి తిప్పక్క వచ్చెను. డెబ్బదేండ్ల వృద్ధ, ఆ విత్తనములను ఎండబెట్టి, వేపాకు వేసి, ముప్పదేండ్లుగ కాచుచున్నది. ఆమె యొక మూట కుట్టు విప్పి కాయ నొకటి తీసి చిదిపి, పప్పును ముందుపండ్ల నడుమ గొఱికి, ఓబుళమ్మ మొగము ముందు బెట్టెను.

“టక్కుమనింది, ఇన్యావా? ఇది సచ్చిందంటాదా నీ మిషను? కార్తీకంలో ఈ చేతుల్తోనే పెరికి ఎండేసినా. ఎనిమిది నెల్లు గూడా నిండలేదు.”

ఓబుళమ్మ యులికిపడి చూచెను. “ఏమంటివి అవ్వా? మూటమీద ఆరుద్ర అని కదా రాసినావు?”

“ఆరుద్రలోనే కదమ్మా ఇత్తింది! ఏ కార్తెలో ఇత్తిన కాయ ఆ కార్తెకే ఇత్తాల. అందుకే రాసేది. పెరికిన దినం ఎవురన్నా రాస్తారా?”

తప్పు యంత్రమునందు లేదు, విద్యుత్తునందు లేదు. ఆ యూరి తాతముత్తాతలనుండియు విత్తనపుమూటపై వ్రాయబడునది విత్తిన కార్తె. ఆ యూర బుట్టినదగుటచే ఓబుళమ్మకు గూడ వేఱుతలంపు తోపలేదు. మట్టిలో బడిన దినమునుండియే విత్తునకు వయస్సు లెక్కించి యెక్కించెను. పదినెలలు దాటినట్లు యంత్రము తలచినది, ఎఱ్ఱగీత గీసినది. అది మూర్ఖురాలు; ఇచ్చినదానినే నమ్మును. నమ్మినదానియందు నిలుచును.

“అవ్వా, ఏ చేను ఎప్పుడు పెరికినారో చెప్తావా? అన్నీ?”

“రాసుకో. మిట్టచేను దీపావళి అయిన మూడోనాడు. సుంకన్న చేను దాని మర్నాడు. వంకచేను పున్నమికి. కాదుమే నాగలింగా, పున్నమికేనా?”

“పున్నానికి ముందు శుక్రవారం!” అని బయటనుండి నాగలింగమ్మ బదులిచ్చెను. “ఆపొద్దు కదా నా చెవికమ్మ పోయింది.”

ఒకతె చెప్పగా మఱియొకతె దిద్దుచు, పెండ్లిండ్లను, జ్వరములను, తప్పిపోయిన మేకలను గుఱుతులుగ బెట్టుకొని, డెబ్బదిరెండు చేల కోతదినములను ఏ కాగితమును జూడక ఆ స్త్రీలు తప్పక యప్పగించిరి. మధ్యాహ్నము దాటువఱకు ఓబుళమ్మ వ్రేళ్లు నిలువలేదు. నడుమ కరెంటు పోయి యరగంటసేపు పని నిలిచెను. మూడుజాముల వేళకు ఆమె కన్నులు మూసికొని మొదటిపేరు నొక్కెను. ప్రింటరు దగ్గి, గరగరలాడి, తెల్లని చీటీ నొకదానిని గక్కెను.

ఎర్రిస్వామి దాని నందుకొని తలక్రిందులుగ బట్టి చూచెను. “దీంట్లో ఏముందో గానీ, మా పెండ్లి శుభలేక గూడా ఇంతసేపు పట్టలేదు తల్లీ!” అని మూట భుజాన నెత్తికొనెను.

ఆనాటి సాయముదాకయు మఱునాటి పగలెల్లను చీటీలు వెడలెను. రెండవనాటి సాయంకాలమునకు డెబ్బదియొక్క యిండ్ల పని ముగిసెను. కొట్టులో ఇరువదితొమ్మిది మూటలు మిగిలెను. ఆ యిరువదితొమ్మిదింటిపై తేదులు దిద్దినపిదపను ఎఱ్ఱగీత యట్లే నిలిచియుండెను. అవి నిజముగ చచ్చినవి. ముందటి పట్టికలో వానినిగూడ మంచివానిగ నెంచుటచే నందఱకును జాలుననుకొనిరి, చాలలేదు. డెబ్బదిరెండవపేరు ఓబుళమ్మది. వడ్డించువారు కడపట దినవలెనను మర్యాదచే సభ్యులపట్టికలో తన పేరును దానే కడపట వ్రాసికొనియుండెను.

ఆమె భర్త గోవిందప్ప కొట్టు గడపపై గూర్చుండి, రెండునాళ్లుగ సిద్ధముచేసి యుంచిన గొఱ్ఱువంక జూచి మెల్లగ ననెను. “ఊరందరికీ ఇత్తనం. మనకు ఉత్త చీటీ. అదీ ఇయ్యలేదే నీ మిషను!”

తిప్పక్క దగ్గఱకు వచ్చి గొంతు తగ్గించెను.

“నీ చేతిలో పనే కదమ్మా, ఆ గీత తీసెయ్. ఇన్ని మూటల్లో సగమన్నా మొలుస్తాయి. నీ చేనే కదా, ఎవురడగొచ్చినారు?”

“నా చేతిలో పని కాబట్టే తీయగూడదు అవ్వా,” అని ఓబుళమ్మ యనెను. “ఈపొద్దు నాకోసం తీస్తే రేపు ఎర్రిస్వామి మామ అడుగుతాడు. ఎల్లుండి అడక్కుండానే తీస్తారు.”

తిప్పక్క కన్నులు దుడుచుకొని, తిట్టరాక, మెచ్చరాక వెడలిపోయెను. గోవిందప్ప లేచి గొఱ్ఱును గోడకు జేరవేసెను. వాడు కోపపడియున్న నామెకు దేలికయై యుండును, వాడు కోపపడలేదు.

మూడవనాటి ప్రాతఃకాలమున పల్లె చుట్టును డెబ్బదియొక్క కుటుంబముల చేలలో గొఱ్ఱులు బారులు తీర్చి నడచెను. విత్తువారి పాటలు మిట్టనుండి మిట్టకు బ్రాకెను. వాని నడుమ మూడెకరముల చెక్క యొకటి దున్ని చదునుచేయబడియు ఖాళీగ నుండెను. నాలవనాటికి గాలి దానినుండి పదును ద్రావుచుండగా ఎఱ్ఱనిమన్ను పైపొర తెల్లబాఱుట ఓబుళమ్మ కొట్టు కిటికీనుండి చూచుచునే యుండెను. నియమమును వ్రాయుట సులభము. దానికి మొదటి యాహుతి తన చేనే యైనప్పుడు గాని యది నియమమో, పరులపై విసరిన ఱాయో తేలదు. తేలినదాని యానవాలుగ ఆ యేడు మూడెకరముల బీడు, పచ్చని పైరుల నడుమ, త్రోవను బోవువారందఱకును కనబడుచుండెను.