చిగుళ్లేసిన బల్ల

పొద్దున్నే లేచి టైలరమ్మ చేసే మొదటి పని బల్లకి చిగుళ్లు గిల్లడం. తర్వాత పొడిగుడ్డతో జిగురు తుడిచి, పైన పాత దుప్పటి పరిచి, అప్పుడు గానీ సుద్దముక్క చేత్తో పట్టేది కాదు. పాత బల్లేమీ కాదు. సొంత కొట్టు పెట్టుకుంటూ, గుడ్డలు కత్తిరించుకోవడానికని కార్డు గీకి మరీ కొన్నది. బాగా ఎండిన కర్ర అని షాపువాళ్లు బల్ల గుద్ది మరీ చెప్పారు. వారం తిరక్కుండానే నాలుగు కాళ్లూ చిగురించాయి.

చిగుళ్లతో ఆవిడకి పేచీ లేదు. పేచీ అంతా జిగురుతోనే. ఒకావిడ జాకెట్టు గుడ్డకి పచ్చటి మరక అంటింది, ఆ మనిషి మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఇలాగే సాగితే కొట్టు మూసేసి, మళ్లీ పాత మాస్టారి దగ్గర గుండీలు కుట్టుకోవాలి. "ఎన్నాళ్లులే, తిరిగొస్తావు" అని ఆయన నవ్విన నవ్వు తలుచుకుంటేనే ఆవిడకి ఒళ్లు మండేది.

షాపుకి వెళ్లి చిగుళ్ల ఫొటో చూపిస్తే ఓనరు దాన్నయినా సరిగ్గా చూడలేదు.

"మీరు నీళ్లు పోసుంటారమ్మా. అది వాడకంలో తప్పు, మా పూచీ కాదు."

"బల్లకి నీళ్లు పోసుకుంటూ కూర్చునే తీరిక నాకెక్కడిదండీ?"

బ్యాంకుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సరుకు వెనక్కి చేరిందని వాళ్ల నోటితో ఒప్పుకుంటే చాలు మేడం, డబ్బు మీ కార్డులో వేసేస్తాం."

కిటుకంతా అక్కడే ఉంది. ఆ షాపులో గడప దాటి లోపలికొస్తేనే వాపసు సరుకు కింద లెక్క. అందుకని ఓనరు విరిగిన ముక్కాలిపీటని కూడా గడప దాటనిచ్చేవాడు కాదు.

"పోనిద్దూ వదినా, ఎందుకీ గొడవ?" అంది ఆడపడుచు.

"పోనిస్తే నేనే పోవాలి, ఆ మాస్టారి దగ్గరికి. పట్టు ఆ కాలు!"

ఇద్దరూ కలిసి బల్లని ట్రాలీ ఆటోలో షాపుకి తెచ్చారు. లోపల్నుంచి పనివాళ్లు అడ్డం నిలబడ్డారు. బల్ల సరిగ్గా గడప మీద ఆగిపోయింది.

"అక్కడే ఉండనీండి. విసుగొచ్చి వాళ్లే పట్టుకుపోతారు" అన్నాడు ఓనరు.

టైలరమ్మ బల్లెక్కి కూర్చుని, సంచిలోంచి చొక్కా తీసి కాజాలు కుట్టడం మొదలెట్టింది. వచ్చేపోయేవాళ్లంతా వింతగా చూశారు. చూడనీ, తల దించుకోవాల్సింది నేను కాదుగా అనుకుంది.

మధ్యాహ్నం నేల తుడిచే మనిషి బకెట్టు నీళ్లు గడప మీద కుమ్మరించింది.

"చూశారుగా! ఈసారి పోసింది మీరే!" అని లోపలికి వినపడేలా అరిచింది టైలరమ్మ.

సాయంత్రానికి బల్ల కాళ్లు నేల పలకల సందుల్లోకి దిగాయి, కొమ్మలు పైకి లేచాయి. మూసే వేళకి షట్టర్ లాగితే సగంలోనే కొమ్మకి తగిలి ఆగింది. పనివాళ్లంతా ఏకమై తోసినా బల్ల అంగుళం కదల్లేదు. షాపు బార్లా వదిలేసి ఇంటికెలా వెళ్లడం? ఓనరుకి ముచ్చెమటలు పట్టాయి.

"నీ బల్ల తీసుకుపోవమ్మా తల్లీ!"

టైలరమ్మ అప్పటికే బ్యాంకుకి ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి ఆయన ముందు పెట్టింది.

"సార్, సరుకు మీ షాపుకి చేరిందా?" అని అడిగింది బ్యాంకు అమ్మాయి.

"చేరడమేంటమ్మా! షాపులో వేళ్లూనుకుని కూర్చుంది!"

"థాంక్యూ సార్, రాసుకున్నాను."

టైలరమ్మ సూది చొక్కాకి గుచ్చి, కిందికి దిగి చీర దులుపుకుంది.

"మరి దీన్నెవరు తీస్తారు?" అన్నాడు ఓనరు.

"మీ సరుకు, మీ ఇష్టం. నీళ్లు మాత్రం పొయ్యకండి."

డబ్బు కార్డులోకి వచ్చింది. ఆవిడ ఈసారి ఇనప బల్ల కొని, కొట్టుని ఆ షాపు ఎదురుగా ఉన్న గదిలోకి మార్చింది. సాయంత్రపు ఎండ మిషను మీద పడకుండా చెట్టైపోయిన ఆ కర్ర బల్లే అడ్డు కాస్తుంది.

ఒకరోజు పాత మాస్టారు కబురంపాడు, పనికి మనిషి కావాలి, వస్తావా అని.

"నాకే మనిషి కావాలి. ఆయన్నే రమ్మను" అంది టైలరమ్మ, కత్తెర ఆపకుండానే. "అడ్రస్ తేలికే. షట్టర్ పడని షాపుకి ఎదురుగా."