భైరవుని ఒంటిపూట

ఆషాఢమాసారంభమున సముద్రముమీదినుండి లేచిన నీలమేఘమాలిక కాకినాడ నగరమును మెల్లమెల్లగా క్రమ్ముకొనుచుండగా, తడిగాలి డాబాలమీది బట్టలను తాళ్లతోకూడ పెకలింప జూచుచుండగా, ఒక యిరుకువీధిలో "పెంపుడు జంతువులు రోజువారీగా చూడబడును" అను పలక వ్రేలాడుచున్న మేడయందు పేరూరి రత్నకుమారి యను గృహిణి యొక శ్వేతశునకము నెదుట చతికిలబడి పెరుగన్నపు గిన్నెను ముందునకు జరుపుచుండెను. శునకము ముఖము త్రిప్పుకొనుచుండెను. అది శనివార సాయంకాలము.

దాని నామధేయము భైరవుడు. దేహము మాత్రము మూరెడు. యజమానురాలు ముక్కామల సుభద్రమ్మగారు, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని. ఆమె శ్రీరంగయాత్రకు బోవుచు, ఏ చెవిని ముందుగా తుడువవలెనో మొదలుకొని ఏ దిక్కున తలయుంచి పరుండబెట్టవలెనో యనువరకు రెండు పుటల శాసనమును వ్రాసి యిచ్చియుండిరి. రత్నకుమారి యింటికి వచ్చు పండ్రెండు జంతువులలో తొమ్మిది సుభద్రమ్మగారి నోటిమాటవలన వచ్చినవే. ఉదయము పార్కులో నడచువారి కందరికిని ఆమె వాక్యమే ప్రమాణము. ఆ నోట ఒక్క నింద వెలువడిన యెడల పలక దించుకొనవలసినదే.

రత్నకుమారి పాలు పోసెను, బిస్కత్తు చూపెను, తుదకు తెగించి ఉడికిన గ్రుడ్డును సైతము చూపెను. భైరవుడు వంటగది గడపపై కూర్చుండి పొయ్యివంక దీనదృష్టిని నిలిపియుండెను. అది జ్వరలక్షణమని భర్త సోమలింగము నిర్ణయించెను. సుభద్రమ్మగారి ఫోను ఆలయపు వరుసలో మూగపోయియుండెను. క్షణములో ఆటో వచ్చెను. మరుక్షణమున శునకము పశువైద్యుడగు ఇమ్మానియేలుగారి బల్లపై నుండెను. రక్తమును పరీక్షించిరి, ఉదరమునకు స్కానింగు తీసిరి, ఎందును దోషము కానరాదయ్యెను. కానరాకపోవుటయే వైద్యునకు మిక్కిలి అనుమానము గొలిపెను. అంతట ముంగాలి రోమమును గొరిగి గ్లూకోజు సెలైను నెక్కించి, మూడువేల ఎనిమిదివందల యేబది రూపాయల బిల్లును చేతికిచ్చెను. మరునాటి యుదయమున భైరవుడు రెండింతలు భుజించెను. వైద్యము ఫలించెనని దంపతులు పొంగిపోయిరి.

మంగళవారమున సుభద్రమ్మగారు వచ్చి, గొరిగిన కాలిని చూచి, జరిగిన దంతయు నిలుచుండియే వినిరి. బిల్లువంక కన్నెత్తియైన చూడలేదు.

"శనివారం రాత్రి వాడు అన్నం ముట్టడమ్మాయ్. నాతోపాటు ఒంటిపూట. ఏడేళ్ల నియమం. సూదితో భంగం చేసేశావు."

"కాయితంలో చెవుల సంగతి కూడా రాశారండి. శనివారం సంగతి లేదండి."

"సూర్యుడు తూర్పున పొడుస్తాడని కూడా రాయాలా?"

బిల్లుతో తనకు సంబంధము లేదనియు, మరునాడు పార్కులో ఈ వృత్తాంతము నెల్లరకు నెరిగింతుననియు ఆమె శాంతముగా సెలవిచ్చిరి. సోమలింగము మేకునుండి పలకను దించుటకు సుత్తి యెక్కడ నున్నదా యని యప్పుడే యోచింప నారంభించెను. రత్నకుమారికి మాత్రము ఒక సందేహము కలిగెను.

"మరి రాత్రంతా కడుపు మాడ్చుకుని ఎలా పడుకుంటాడండి?"

"మాడ్చుకోవడమేమిటి నా మొహం, ఫలహారం ఉంటుందిగా. మినపరొట్టె. సగం నాకు, సగం వాడికి."

మువ్వురును భైరవునివంక చూచిరి. అది జ్వరము కాదు, నిరీక్షణము. మూకుడు పొయ్యి నెక్కునని యా ప్రాణి సాయంకాలమంతయు ఎదురుచూచెను.

"అంటే అన్నం పనికిరాదు, ఫలహారం పనికొస్తుందన్నమాటండి," అని రత్నకుమారి యనెను.

"అంతేగా."

"సెలైనులో అన్నం లేదు కదండీ. మీ రొట్టెలో బియ్యపురవ్వన్నా పడుతుంది, దీంట్లో అదీ లేదు. వాడు చేసింది ఫలహారమేనండి, మీదానికన్నా మడిగా."

ముప్పదిమూడేండ్లు బాలురకు వ్యాకరణము బోధించిన యా విదుషీమణి యీ వాక్యమునందు దోషమునకై చాలసేపు వెదకిరి. దొరకలేదు. సంచి విప్పి పైకము సమస్తమును లెక్కించి యిచ్చి, శునకమును చంక కెత్తుకొని, "అరరొట్టె ముక్క నాలుగువేలుట్రా నీకు?" అని దాని చెవిలో నడిగిరి.

బుధవారము పార్కులో ఆమె చెప్పిన మాట వేరు. అన్నము ముట్టనీయక, నరములగుండ ఫలహారము నెక్కించి యైనను నియమమును నిలిపిన యిల్లు పేరూరివారిదని యామె ప్రకటించిరి. వారము తిరుగకుండ మూడు క్రొత్త జంతువులు వచ్చెను. రత్నకుమారి యిప్పుడు గిన్నె కొలతకంటె ముందుగా ఇంటి నియమములేవియని యడుగుచున్నది. పిల్లిని తెచ్చిన యొక బ్యాంకు ఉద్యోగి తమ కట్టి పట్టింపు లేమియు లేవని నవ్వి, మెట్లు దిగి, మరల పైకి వచ్చెను.

"అన్నట్టండీ, మంగళవారం, శుక్రవారం దాని గోళ్లు మాత్రం తియ్యకండేం. ఇంటికి మంచిది కాదు."

ఆచారము లేని యిల్లు లోకమున లేదు; తనకొక యాచారమున్నదని యెరిగిన యిల్లును లేదు.