ఓపెనర్ మేకుకు తులసిమాల

మూత తీయడం ఒక్కటే వచ్చు నాకు. బెత్తెడు ఇనుప పట్టీని. ఒక కొనన పన్ను, ఇంకో కొనన మేకుకు తగిలించే చిల్లు. మీరు నన్ను ఓపెనర్ అంటారు. పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. లారీలకు బాడీలు కట్టే షెడ్డులో మిగిలిన రేకును ఒకాయన కత్తిరించి, వంచి, అరగదీసి, మధ్యాహ్నం సద్దికి లేచేలోగా నాలాంటి వాళ్ళను బుట్టెడు చేసి పడేశాడు.

నా మొదటి యజమానురాలు గుంతకల్లు స్టేషన్ బయట సోడాలమ్మే లక్ష్మీదేవమ్మ. పొద్దున తొలి మూత తీసేముందు నన్ను కళ్ళకద్దుకునేది. ఇనుముకు దండం పెట్టే మనుషులుంటారని అప్పుడు తెలిసింది. మనిషికి మాత్రం అంత సులువుగా పెట్టరని తర్వాత తెలిసింది. ఆమె పోయాక కొడుకు బండిని, గ్లాసులను, నన్ను కలిపి ఆదెప్పకు అమ్మేశాడు.

ఆదెప్పది అనంతపురం దాటాక బెంగళూరు రోడ్డు పక్కన గార్డెన్ రెస్టారెంటు. చెట్ల కింద బల్లలు, రంగు రంగుల బల్బులు. పేరు అతనిదైనా పేరు తెచ్చింది చెల్లెలు నాగవేణి చెయ్యి. ఆమె రాగి సంగటి, నాటుకోడి పులుసు కోసం కార్లు ఆగేవి. అన్న వంటింట్లో ఆమె గరిటె తిప్పుతోందంటే కారణం మొగుడు తాగుబోతు కావడమే.

ఆ మొగుడి పేరు కుళ్ళాయప్ప. బెంగళూరు బార్లో గ్లాసుల్లో మందు కలిపేవాడు. కలపడం నేర్చినవాడు తాగడమూ నేర్చాడు. భార్య పుట్టింటికి వచ్చేశాక, ఒక ఏకాదశినాడు వెళ్ళి పాండురంగస్వామి దగ్గర తులసిమాల వేసుకున్నాడు. మా వైపు ఆ ఆచారం ఉంది. తాగుడు మానదలచినవాడు మాల వేసుకుంటాడు, అది మెడలో ఉన్నన్నాళ్ళూ చుక్క ముట్టడు. పోలీసుకు, పెళ్ళానికి భయపడనివాడు కూడా ఆ పూసలకు భయపడతాడు. "ఏడాది తిరిగి తొలి ఏకాదశి వచ్చేదాకా ఆ మాల చెడకుండా ఉంటే నీ వెంబడి వస్తా" అంది నాగవేణి. అతను బార్ వదిలేశాడు. టైల్స్ దుకాణంలో బరువులు మోశాడు. మాల చెడలేదు.

తొలి ఏకాదశికి ముందురోజు భార్యను తీసుకుపోవడానికి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర ఆమె పెట్టె సర్ది ఉంది. ఆదెప్ప ఆ పెట్టెను పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాడు. ఆమె పోతే సంగటి గెలికేదెవరు? ఆ మాట పైకి అనలేదు. నవ్వుతూ వేరే మాట అన్నాడు.

"పోయేముందు ఒక సాయం చెయ్ బావా. బెంగళూరు పిల్లోళ్ళు మెక్సికో తరహా బీరు కావాలంటాండారు. నిమ్మకాయ, టమాటా రసం, కారం, గ్లాసు అంచుకు ఉప్పు. మనకు బార్ లైసెన్స్ లేదు కదా. మందు లేని బీర్లు తెప్పించినా. ఏది కలిపితే కుదురుతాదో నువ్వే చెప్పాల."

కుళ్ళాయప్ప చెయ్యి మాల మీదికి పోయింది. "బీరు జోలికి నన్ను పిలవద్దు బావా."

"మందే లేదప్పా దాంట్లో! పేరుకే బీరు. ఉగ్గుగిన్నెతో చంటోనికి పట్టినా ఏం కాదు."

కుళ్ళాయప్ప ఒక్కో సీసానూ కంటి దగ్గర పెట్టుకుని చదివాడు. కొన్నింటి మీద అర శాతం అని ఉంది. వాటిని పక్కకు నెట్టాడు. "అర శాతమైనా స్వామి దగ్గర అది మందే" అన్నాడు. సున్నా అని రాసినవి నాలుగు మిగిలాయి.

"సీసా చూపించి అడిగితే పేరును బట్టి చెప్తావు. కస్టమరు చూసేది గ్లాసునే కదా?" అన్నాడు ఆదెప్ప. తన తమ్ముడు వన్నూరును లోపలికి పంపాడు. వన్నూరు లోపల మూతలు తీసి గ్లాసుల్లో పోసి పంపాలి, కుళ్ళాయప్ప బయట బల్ల దగ్గర కలిపి రుచి చూడాలి. వన్నూరు చేతిలో ఉన్నది నేనే. కిటికీ సందులోంచి ఆ బల్ల నాకు కనిపిస్తూనే ఉంది.

మొదటిది రుచి చూసి ముఖం చిట్లించాడు. "ఆపిల్ వాసన. దీంట్లో కారమేస్తే దగ్గు మందే." రెండోది గోధుమది. "చిక్కగుండాది. టమాటా కలిస్తే చారన్నం తిన్నట్టుంటాది." వడ్డించే పిల్లలు పకపకా నవ్వారు. మూడోది మరీ చేదు. "ఇది నిమ్మకాయతో కొట్లాటకు దిగుతాంది బావా. పలుచగా, పొడిగా, అన్నిటికీ దారిచ్చేది కావాల." ఏడాదిగా బరువులు మోసిన ఆ ముఖంలో వెలుగు చూశాను. తనకు వచ్చిన పనికి మళ్ళీ మర్యాద దొరికినప్పుడు మనిషి అట్లాగే వెలుగుతాడు. అప్పుడే అతన్ని కొట్టడం కూడా సులువు.

నాలుగోదాని మీద పన్ను వేయబోతుంటే ఆదెప్ప లోపలికి వచ్చాడు. ఆ సీసాను వెనక్కి పెట్టి, ఫ్రిజ్ అడుగు అరలోంచి తన కోసం దాచుకున్న అసలు బీరు తీశాడు.

"అన్నా, మాలలో ఉండాడు కదన్నా" అన్నాడు వన్నూరు.

"సరదాకి రా. బావతో ఎకసక్కెం ఆడకుంటే ఇంకెవనితో ఆడతాం?"

వన్నూరు కూడా నవ్వేశాడు. నన్ను మూతకు తగిలించాడు. జారిపోవాలని అనుకున్నాను. జారకుండా చేశారు నన్ను.

కుళ్ళాయప్ప నిమ్మరసం పిండాడు, కారం చల్లాడు, టమాటా రసం పోశాడు, కలిపి తాగాడు. "ఇదీ! దేనికీ అడ్డం రాదు. ఉప్పు, కారం, పులుపు అన్నీ విడివిడిగా తెలుస్తాండాయి. ఇదే పెట్టు బావా." తర్వాత తనే అడిగాడు. "ఇంకో గ్లాసు పంపు వన్నూరూ, ఉప్పు తగ్గించి చూస్తా." అది కూడా అడుగంటా తాగాడు.

ఆదెప్ప ఖాళీ సీసా తెచ్చి అతని ముందు పెట్టాడు. నన్ను చేతిలో పట్టుకునే వన్నూరు కూడా వెనకే వచ్చాడు. "ఏం బావా, మీ స్వామి నిద్రపోతాండాడా?"

మొదట నవ్వింది వడ్డించే పిల్లలు. తర్వాత అందరూ. కుళ్ళాయప్ప సీసా మీద అక్షరాలను మళ్ళీ మళ్ళీ చదివాడు. నవ్వు విని నాగవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సీసా చూసింది, గ్లాసు చూసింది.

"తాగినావా?"

"తెలీదు నాగీ. ఒట్టు, నాకు తెలీదు."

ఇక్కడ ఆదెప్ప ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట అతని నోటి చివరిదాకా వచ్చింది కూడా. కళ్ళు మాత్రం గుమ్మం దగ్గరి పెట్టె మీదికి పోయాయి. అప్పుడు అతను అబద్ధం చెప్పలేదు, నిజాల్లోంచి ఏరుకుని చెప్పాడు. "బార్లో గ్లాసులు కలిపినోనికి బీరేదో తెలీదంటే ఎట్లమ్మా? నాలుగిట్లో ఇదే బాగుందన్నాడు, రెండో గ్లాసు తనే అడిగినాడు. కావాలంటే వీళ్ళను అడుగు."

వన్నూరు ఖాళీ గ్లాసులు ఏరసాగాడు.

"అడిగినావా?" అంది నాగవేణి.

"అడిగినా. అది ఉప్పు కోసం..."

"నాలుగిట్లో ఇదే బాగుందన్నావంట కదా?"

బాగుందన్నది నిజమే. మనసుకు తెలియకుండా నాలుక చేసింది పాపమేనా? నాకైతే తెలియదు. స్వామి లెక్క వేరుగా ఉంటుందని నా ఆశ. ఆ బల్ల దగ్గర మాత్రం ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు.

అతను మాల తీశాడు. బీరు ఒలికిన బల్ల మీద పెట్టలేకపోయాడు. చుట్టూ చూసి, గోడకున్న నా మేకు కనిపిస్తే దానికి తగిలించి, చెంపలేసుకుని వెళ్ళిపోయాడు. నాగవేణి పెట్టెను మళ్ళీ లోపలికి లాక్కుపోయింది.

ఆ మాలను తీయడానికి ఎవరికీ ధైర్యం లేదు. నన్ను దాని కిందే తగిలించేవారు. పనికి తీసేటప్పుడు పూసలను పక్కకు జరిపి లెంపలేసుకునేవారు. ఆదెప్ప శుక్రవారం శుక్రవారం ఊదుబత్తి వెలిగించి, "చల్లగా చూడు స్వామీ" అని దండం పెట్టేవాడు. తర్వాత నాతో మూతలు తీయించేవాడు. ఆ రోజు వెనక్కి పెట్టిన నాలుగో సీసా రకమే చివరికి మెనూలో పెట్టాడు. అది బాగా పోయింది.

ఒక ఆదివారం ఒక తల్లి గొడవకు వచ్చింది. "మా వాడికి నిజం బీరు పోశారు! నేను తాగి చూశాను, అచ్చం అదే!"

ఆదెప్ప సీసా చూపించి శాంతపరిచాడు. "మందు లేనిదేనమ్మా. నిమ్మకాయ, కారం, టమాటా పడినాక అసలుదేదో ఇదేదో ఎవరూ చెప్పలేరు. తలపండినోళ్ళు కూడా చెప్పలేరు."

వంటింట్లో సంగటి గెలికే కట్టె ఆగింది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గాక నాగవేణి నన్ను తీసుకుంది. మాలను పక్కకు జరిపింది. ఫ్రిజ్ అడుగు అరలోంచి అన్న బీరు ఒకటి, మెనూ సీసా ఒకటి తీసింది. రెంటికీ ఒకేలా నిమ్మకాయ, కారం, ఉప్పు, టమాటా. పులుసులో చిటికెడు ఉప్పు ఎక్కువైతే వాసనతోనే పట్టేసే ఆడమనిషి ఆమె. జీవితంలో ముట్టనిదాన్ని కళ్ళు మూసుకుని తాగింది. ఇది, అది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. గ్లాసులు తారుమారు చేసి మళ్ళీ తాగింది. చెప్పలేకపోయింది.

చేతినిండా నిమ్మరసమే. ఫోనును గట్టు మీద పెట్టి, స్పీకరు వేసి కుళ్ళాయప్పకు కలిపింది. అటునుంచి పాటల హోరు, గ్లాసుల చప్పుడు.

"నాగవేణిని. ఆ పొద్దు నీకు తెలీలేదని నాకు ఇప్పుడు తెలిసింది. ఇంటికి రా. కాదు, నేనే వస్తా. యాడుండావు?"

అతని గొంతు వచ్చింది. ముద్దగా, నవ్వుతున్నట్టుగా. "పాత బార్లోనే నాగీ. ఇప్పుడే రెండో గ్లాసు అడిగినా." పాట మధ్యలో మళ్ళీ వినిపించింది. "ఈసారి తెలిసే అడిగినా."

ఫోను పెట్టేశాడు. ఆమె మళ్ళీ చేసింది. అతను ఎత్తలేదు.

నాగవేణి నన్ను వెనక కిటికీలోంచి విసిరేసింది. మాలను కూడా విసరబోయి ఆగింది. కొంగులో మూట కట్టుకుంది. అదే నేను ఆమెను చివరిసారి చూడడం. అన్నను అడిగిందా, పెట్టె మళ్ళీ సర్దిందా, నాకు తెలియదు. నేను మూతల కుప్పలో పడ్డాను. పాత సామాన్లవాడు ఆ మూతలతో పాటే నన్నూ సంచిలో వేసుకుని పోయాడు.

ఇప్పుడు ఊరి చివర తుక్కు కుప్పలో ఉన్నాను. నిమ్మరసం, ఉప్పు తిని తిని నా పన్ను తుప్పుపట్టింది. చుట్టూ నాలాంటి పనిముట్లే ఉన్నాయి. సుత్తి, పటకారు, ఉలి, రెంచి. కోసేవీ, విరిచేవీ, ఊడదీసేవీ. తీసిన మూతను మళ్ళీ సీసాకు పెట్టే పనిముట్టు మీ లోకంలో ఎక్కడైనా ఉందేమో. ఈ కుప్పలో మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు.