ఆమెన్ తర్వాత మాత్ర

వరమ్మ రెండో గుడ్డు కూడా కొట్టి మూకుట్లో వేసింది. వలిసె నూనె చిటపటలాడింది. గుడ్డు అంచులు గోధుమరంగు లేసులా ముడుచుకున్నాయి. ఆమె మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. హుకుంపేట దాటాక ఉన్న చిన్న చర్చి హాస్టల్లో పందొమ్మిదేళ్లుగా ఇదే పీట మీద కూర్చుని ముప్పైనలుగురు పిల్లలకి వండుతోంది. ఎవరమ్మా నువ్వని అడిగితే "వంటామెని" అంటుంది తప్ప పేరు చెప్పదు.

ఈ రెండు గుడ్లూ మాత్రం ఒక్క రమణికే.

కొండమీది ఊరి నుంచి వచ్చిన పదకొండేళ్ల రమణికి సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ మాట వరమ్మకి నోరు తిరగదు. నుదుటిమీద ముద్దు పెడితే పెదాలకి ఉప్పు తగిలే జబ్బు, విడవని దగ్గు, తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా జారిపోవడం, ఆమెకి తెలిసింది అంతే. మొదటి ఏడాది, ఆడగుంటకి కడుపు పాడవుతోందని కూరమీది నూనెంతా గరిటెతో తీసేసి, పల్చటి చోడి అంబలి పట్టేది. అంత ప్రేమగా పిల్ల కడుపు ఎండగట్టింది.

తర్వాత నర్సు సరళ పట్నం ఆసుపత్రి కాగితం తెచ్చి వంటింటి గోడకి అతికించింది. నూనె, నెయ్యి, గుడ్డు, వేరుశనగ అందరికన్నా ఎక్కువ పెట్టాలి. ఉప్పూ ఎక్కువే. అన్నంతో పాటు అరుగుదల మాత్ర. వరమ్మ సువార్త చదివినట్టు ఒక్కో మాటమీదా వేలు పెట్టి చదివి, పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది.

ఆనాటి నుంచి నూనె ధారగా పోసింది. అయినా నాలుగు నెలలు తూకం ముల్లు కదల్లేదు. పార్వతీపురం హైస్కూల్లో సీటు ఖాయమైంది గానీ, పాతిక కిలోలు దాటితేనే పంపమన్నాడు డాక్టరు.

ఒక ఆదివారం సరళ పిల్లల పంక్తిలో భోజనానికి కూర్చుంది.

"మాత్ర ఎప్పుడిస్తున్నారు వరమ్మగారూ?"

"బెల్లు కొట్టగానే. అన్నానికి ముందే కదమ్మా."

బెల్లు తర్వాత కీర్తన. కీర్తన తర్వాత వార్డెను లాజరస్ గారి ప్రార్థన. ముంచింగిపుట్టు సంఘంతో మొదలుపెట్టి, దాతలందరినీ వాళ్ల ఆవుదూడలతో సహా ఆయన దేవుడికి గుర్తుచేస్తారు. ఆమెన్ వినబడేసరికి అరగంట. మాత్ర అప్పటికే ఖాళీ కడుపులో పని ముగించేసుకునేది.

సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే, మాత్ర మొదటి ముద్దతోనే వెయ్యాలని చెప్పింది. వరమ్మ నవ్వలేదు. తిన్నగా వార్డెను ముందుకెళ్లి నిలబడింది.

"అయ్యా, మీ పార్దన పొట్టిగా సెయ్యండి. లేపోతే ఆమెన్ అయినాకే గుంటకి మాత్ర ఇయ్యనియ్యండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "రెండూ చేద్దాం వరమ్మా. దేవుడికి జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది."

అది జరిగి అయిదు నెలలు.

"మళ్లీ రెండా మామ్మా?" అంది రమణి, గుడ్లు చూసి.

"తూకం రోజు కబుర్లేటి? బేగి తిను."

ఆమెన్, మాత్ర, మొదటి ముద్ద, వెంట వెంటనే జరిగిపోయాయి. పిల్ల వేళ్లు కూడా నాకింది.

పది గంటలకి సరళ తూకం యంత్రం వరండాలో పెట్టింది. ముల్లు ఊగి ఊగి, పాతిక దాటి, ఇంకో నాలుగు గీతలు పైకెళ్లి ఆగింది. సరళ దిగమని మళ్లీ ఎక్కమంది. అదే చోట ఆగింది.

"జేబుల్లో రాళ్లేటైనా ఎట్టేవేటే?" అంది వరమ్మ.

రమణి రెండు జేబులూ తిరగేసింది. వేరుశనగ పొట్టు రాలింది. వరండా అంతా చప్పట్లు. వరమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుని, పిల్ల నుదుటిమీద గట్టిగా ముద్దు పెట్టి, ఆ ఉప్పుని పెదాలమీదే ఉంచుకుంది.

మధ్యాహ్నం బస్సుకి రమణి తండ్రి బుధు, పిల్లని పార్వతీపురం తీసుకెళ్లడానికి వచ్చాడు. వరమ్మ వేరుశనగ ఉండలు మూటకట్టి రమణి చేతికిచ్చింది.

"అక్కడి వంటామెకి సెప్పు. నూని తియ్యొద్దని. మాత్ర మొదటి ముద్దతోనేనని."

"నువ్వు సెప్పినావని సెప్తాను. నీ పేరు వరమ్మని కూడా సెప్తాను" అంది రమణి.

బస్సు హారను వినబడినప్పుడు వరమ్మ గంజి వారుస్తోంది. అన్నం మెత్తబడుతుందని గేటు దాకా పోలేదు. అక్కడే నిలబడి, హారను దూరమయ్యేదాకా కూనిరాగం తీసింది.

సాయంత్రం ఆడపిల్లల గది ఊడవడానికి వెళ్లింది. రమణి పడుకునే చోట, గోడ మేకుకి, ఆ గుంట వదిలేసిన నీలం పావడా వేలాడుతోంది. తాను రెండుసార్లు లోపలికి మడిచి కుట్టిన నడుం పట్టీ కుట్లు పటపటా తెగిపోయి ఉన్నాయి. కొక్కెం ఊడి, ఒక్క దారప్పోగు మీద ఊగుతోంది.